కాంపౌండర్ గారి ఎడమ భుజం

షంషాబాద్‌లో సిటీ బస్సు స్టాపు దగ్గర తప్ప అన్నిచోట్లా ఆగుతుంది. పరుగెత్తినవాళ్లకు సీటు, నడిచినవాళ్లకు పొగ. ఆ వారంలో మూడోసారి పొగ దక్కిన జూలీ, ఎలాగూ ఆఫీసు పోయింది కదా అని, ఆ పూట తాతగారి పని చూద్దామనుకుంది.

తాతగారంటే ప్రేమదాసు, మిషన్ దవాఖాన కాంపౌండరు. పోయి ఇరవై మూడేళ్లయినా మహేశ్వరం దాకా ఏ ఊళ్లో ఆయన పేరెత్తినా కుర్చీ తుడిచి వేస్తారు. ఇప్పుడు 1997లో చర్చికి డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయి. పండుగ సంచికలో ఆయనకో పేజీ ఇచ్చారు. రాసే పని జూలీకి పడింది. ఇంట్లో డిగ్రీ చదివింది తనొక్కతే, దానికి శిక్ష ఉండాలిగా.

రాత సంగతి సరే, బొమ్మ ఏదీ? ఉన్న ఒక్క పెళ్లి ఫోటోనూ చెదలు తిన్నాయి. తల దగ్గర మొదలుపెట్టి, బూట్ల దగ్గర కడుపు నిండి ఆగాయి.

అందుకని దుకాణాల బోర్డులు రాసే మల్లేశ్వర్‌ను పిలిచారు. చిన్నాయన కాలేబు పక్కన నిలబడి చెప్పాడు. బాపు ఆరడుగులు, ఛాతీ తలుపంత. కాలేబు అయిదడుగుల మూడంగుళాలు. తనది తల్లి పోలిక అని ఆయనే వివరించాడు. మీసం మాత్రం బాపుదేనని, చూసి వెయ్యమని తన మీసమే చూపించాడు.

బొమ్మ తయారైంది. జూలీ దాన్ని నానమ్మ అమృతమ్మ కళ్ల ముందు పెట్టింది.

"ఎవలే గీయన?"

"నీ పెనిమిటే నానమ్మా."

అమృతమ్మ దగ్గరికి పెట్టుకుని చూసింది, దూరం పెట్టి చూసింది. "మనిషి మంచిగనే ఉన్నడు. గని నేనెరుగ."

కాలేబు దగ్గాడు. అమృతమ్మ బొమ్మను బోర్లా పెట్టి, జూలీకి మాత్రమే వినబడేలా అంది. "ఆయన ముఖం యాదికొస్తలేదు బిడ్డా. పొద్దుగాల లేచి యాది జేసుకుంట, కొంచెం కొంచెం పోతున్నది. ఒక్కసారి జూడాలని ఉండె."

అదీ ఆ పూట జూలీ బజారుకు పోవడానికి కారణం. తాతకు బట్టలు కుట్టిన దర్జీ కొడుకు నసీరుద్దీన్ దుకాణం ఇంకా ఉంది.

"చాచా, మా తాత కొలతలు గిట్ల ఉన్నయా?"

"ఎందుకుండవమ్మా. మా అబ్బా ఎవ్వరివి పారెయ్యలే. పోయినోళ్లవి గూడ ఉన్నయ్, మల్లొచ్చి కోటు కుట్టమంటరేమోనని."

అటక మీంచి మూడు కొలతల పుస్తకాలు దిగాయి. 1951. ఛాతీ ముప్పై నాలుగు, పాంటు పొడవు ముప్పై ఆరు. ఆరడుగుల మనిషి అక్కడే ఎనిమిది అంగుళాలు తగ్గాడు. 1958లో ఉర్దూలో ఓ ముక్క రాసి ఉంది. నసీరుద్దీన్ కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు. "ఎడమ భుజం ఒక వేలు దిగింది." 1966లో మళ్లీ. "రెండు వేళ్లు దిగింది. లోపల దూది పెట్టాలి. ఆయనకు చెప్పొద్దు."

"ఎందుకు దిగింది చాచా?"

"మందుల సంచి ఆ భుజానికే ఏసేది గదమ్మా. ఊరూరు నడిశిండు. మిషనోళ్లు ఆయనకు సైకిలిచ్చిన్రా ఏంది?"

జూలీ ఆ కొలతలు తీసుకుని తిన్నగా మల్లేశ్వర్ దగ్గరికి పోయింది. ఈసారి కాలేబును పిలవలేదు. పొట్టి మనిషి, తెల్ల డ్రిల్లు కోటు, ఎడమ భుజం రెండు వేళ్లు కిందికి. ముఖం ఎలా వెయ్యాలో తెలియక మల్లేశ్వర్ పెన్సిల్‌తో నాలుగు గీతలు గీసి వదిలేశాడు.

కొత్త బొమ్మలో ముఖం వైపు అమృతమ్మ చూడనే లేదు. భుజం మీద వేలు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"వచ్చిండు," అంది.

తర్వాత మెల్లగా చెప్పింది. "కోటు ఉతికినప్పుడల్లా దూది దీసి ఎండబెట్టి, మల్ల కుట్టేదాన్ని. ఆయనకు తెల్వకుండ. దర్జీకి దెలుసు, నాకు దెలుసు. అద్దంల జూస్కొని సక్కగున్న అనుకునేటోడు."

"ఇదే అచ్చేయిద్దామా నానమ్మా?"

"ఇది అచ్చేస్తే ముప్పై ఏండ్లు దాశింది ఊరందరికి దెలుస్తది. ఆ ఆరడుగులాయనను అచ్చేస్తే పరాయి మొగోని బొమ్మ కింద పెండ్లామని నా పేరు వడ్తది." అమృతమ్మ కొత్త బొమ్మను కొంగుకు తుడిచి దిండు కింద పెట్టుకుంది. "సదువుకున్నవు గద, నువ్వే జూస్కో."

సంచిక శుక్రవారం ప్రెస్సుకు పోతుంది. ఇవాళ బుధవారం. జూలీకి బుర్ర పనిచెయ్యడం లేదు, కథ చెప్పేవాడికి అంతకన్నా పనిచెయ్యడం లేదు. అయ్యా, అమ్మా, చదివినవాళ్లు మీరే జర సాయం పట్టండి. ఏ బొమ్మ వెయ్యమంటారు? వంగిన భుజమా, తలుపంత ఛాతీయా? ఆ జాగా ఖాళీగా వదిలెయ్యమని మాత్రం చెప్పకండి. అలాగైతే తన ఫోటో ఇస్తానని కాలేబు ఇప్పటికే రెండుసార్లన్నాడు.