ఫ్లోరా చేసిన రొయ్యల చాక్లెట్

"ఏందీ? రొయ్యల చాక్లెట్టా? రొయ్యలేనా తల్లీ?"

మిద్దె మీద నిలబడి ఫ్లోరా పెట్టిన ఈ కేకకి, కింద వసారాలో కూర్చున్న జడ్సన్ నోట్లో చాక్లెట్ ముక్క కరగడం మానేసింది.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఆ ఊళ్ళో ఫోనుకి సిగ్నల్ మిద్దె మీదే దొరుకుతుంది. గాలి కూడా అక్కడే దొరుకుతుంది. అవతలివాళ్ళు చెప్పిన దాంట్లో సగం ఫోను తింటుంది, సగం గాలి తింటుంది, మిగిలింది మనం వింటాం.

"ఊఁ... షెల్ గట్టిగా ఉండాల్నా? లోపల మెత్తగా... వెనామీనా? సరే సరే, వెనామీ రొయ్యే వేస్తా. శనివారం రండి, రుచి చూద్దురు."

ఫ్లోరా మెట్లు దిగి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. జడ్సన్ మొహం మలిగిపోతోంది.

"ఎవురది?"

"షారన్. మన ఎవాంజెలిన్ కూతురు. తన పెళ్ళికి చాక్లెట్లు మనల్నే చెయ్యమంటుండాది. నా మొదటి పెళ్ళి ఆర్డరయ్యా!"

"అది సరే. రొయ్యలంటున్నావేంది?"

"రొయ్యల చాక్లెట్టే కావాలంట."

జడ్సన్ లేచి నిలబడ్డాడు. ఆయన బాధ అర్థం కావాలంటే ఆయన ఉద్యోగం తెలియాలి. రొయ్యల పొట్టు తీసే పీలింగ్ షెడ్డులో సూపర్వైజరు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆయన ముందర రొయ్యల తలకాయలు, తోకలు, పొట్టు. ఇంటికొచ్చి ఎంత సబ్బు రుద్దుకున్నా వీధిలో పిల్లులు ఆయన్ని మేనమామని చూసినట్టు చూసి వెంటపడతాయి. అలాంటి మనిషికి సాయంత్రం పూట ఒక చాక్లెట్ ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, దేవుడు రొయ్యని సృష్టించడం మరిచిపోయిన లోకంలోకి పోయినట్టుంటుంది. చాక్లెట్‌కీ రొయ్యకీ మధ్య ఎంత దూరముందో, ఆయన ప్రాణానికి అంత సుఖముంది. ఇప్పుడా రెంటినీ ఒకే అచ్చులో పోస్తానంటోంది కట్టుకున్న భార్య.

"నువ్వు సరిగ్గా విన్లేదు."

"ఒకటికి రెండుసార్లు అడిగినా. అవునాంటీ, అవునాంటీ అనింది. అయినా అందులో వింతేముంది? పెళ్ళికొడుకు హెబ్రోను వాళ్ళ నాయన సమాధానం గారిది రొయ్యల గుంటల యాపారం. రొయ్యతోనే మేడ కట్టినారు. పెళ్ళిలో రొయ్య పేరు నిలబెట్టుకోవాలని ఉండదా? మొన్న ఎవరో పచ్చిమిరపకాయ ఐస్‌క్రీం పెట్టలా?"

"పెట్టినారు. తిన్నోళ్ళు ఇంకా మండిపడతుండారు."

అయినా మరోసారి కనుక్కోమన్నాడు. షారన్ ఉద్యోగం తడ దగ్గర కంపెనీలో. డ్యూటీలో ఫోన్లు బయట పెట్టేయాలి. ఫ్లోరా మెసేజ్ పెడితే రాత్రికి జవాబొచ్చింది. ఈ కాలం పిల్లలు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు కదా, ఫ్లోరా దాన్ని ఆ లెక్కనే కూడబలుక్కుని చదివింది.

"చూడు. రొ... య్య... ల్. రొయ్యల్ చాక్లెట్ ఓకే ఆంటీ. ఇంకేం కావాల?"

జడ్సన్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. రొయ్యల్ లాగే ఉంది. రోజంతా రొయ్యల్ని చూసే కళ్ళకి ఇంకెలా ఉంటుంది?

ఆయన అక్క రెబెక్కమ్మ పక్కింట్లోనే ఉంటుంది. గోడ మీద గడ్డం ఆనించి అంతా వింటోంది.

"ఏమే ఫ్లోరా, ఆ పిచ్చిపని మానుకుని జాకెట్లు కుట్టుకోమని చెప్పలా? చాక్లెట్ యాపారమంటే కరిగిపోయే యాపారమే."

"ఇది బాగా కుదిరితే నా చాక్లెట్లు నలుగురి నోళ్ళలో పడతాయి వదినా. చెడితే నలుగురి నోళ్ళలో నేను పడతా. అప్పుడు ఈ అచ్చులన్నీ అటకెక్కించి నువ్వు చెప్పినట్టే మిషను తొక్కుకుంటా." ఫ్లోరా మొగుడి వైపు తిరిగింది. "రుచి చూసేది మాత్రం నువ్వే. నీ నాలుక తప్ప నేను ఎవుర్నీ నమ్మను."

అది నిజం. చీర బాగుందా అని అడిగితే జడ్సన్ అబద్ధమాడతాడు. పులుసు కుదిరిందా అంటే ఆడతాడు. చాక్లెట్ విషయంలో మాత్రం ఆడడు. తనని తాను టేస్టర్ అని చెప్పుకుంటాడు. రెబెక్కమ్మ దాన్ని టెస్టర్ అంటుంది. "కరెంటోళ్ళ జేబులో ఉంటాదే, అది. షాకు ముందు నీకే తగలాల."

తగిలింది.

మొదటి రకం, పాల చాక్లెట్‌లో ఎండు రొయ్యల పొడి. జడ్సన్ కళ్ళు మూసుకుని ముక్క నాలుక మీద పెట్టుకున్నాడు. ముందు తీపి వచ్చి మర్యాదగా కూర్చుంది. దాని వెనకే, పిలవని పేరంటానికి వచ్చినట్టు, వాసన వచ్చింది. మిట్టమధ్యాహ్నం రేవులో ఎండబోసిన రొయ్యల మీద బోర్లా పడితే నోట్లోకి ఏమొస్తుందో అదే, పైన పంచదార చల్లుకుని వచ్చింది. మింగాలంటే గొంతు ఒప్పుకోలేదు, ఉమ్మాలంటే ఫ్లోరా చూపు ఒప్పుకోలేదు. ముందు రొయ్యి, వెనక గొయ్యి.

"ఎట్టుండాది?"

"కోకో అని వేసినావా, కొక్కొరోకో అని వేసినావా? నాలో ఏందో లేచి కూస్తుండాది." అని పెరట్లోకి పరిగెత్తాడు.

రెండోది బెల్లం పాకం, రొయ్య తునకలు, చాక్లెట్ కలిపిన టాఫీ. ఇది మింగే పని పెట్టలేదు, పళ్ళకి అంటుకుపోయింది. వేడినీళ్ళకి రాలేదు, వేపపుల్లకి రాలేదు. చివరికి వేలు పెట్టి లాగితే సన్నగా, పొడుగ్గా, ఎర్రగా ఒకటి వచ్చింది. మీసం. రొయ్యకు లేదా బారెడు మీసం అని సామెత కట్టినవాడెవడో గానీ, ఆ మీసాన్ని తన దంతాల సందులోంచి బారెడు లాక్కుని ఉండడు. షెడ్డులో ఆ మర్నాడంతా జడ్సన్ ఎవరితోనూ నోరు తెరిచి మాట్లాడలేదు. పనివాళ్ళు సారుకి కోపమొచ్చిందనుకున్నారు. సారుకి వచ్చింది తేన్పు.

మూడోదాంట్లో ఫ్లోరా పచ్చడి పెట్టింది. రొయ్యల పచ్చడి, అది కూడా నెల్లూరు కారంతో. చూడ్డానికి నున్నగా, గుండ్రంగా, నల్లగా, పుట్టుమచ్చలా ముద్దొచ్చేట్టుంది. కొరకగానే మధ్యలోంచి ఎర్రనూనె జారి గడ్డం మీదుగా బనీను మీద పడింది. వెల్లుల్లి, ఆవపిండి, నిమ్మరసం, వాటన్నిటి వెనక నక్కిన రొయ్య, వాటి మీద కరిగి కారుతున్న చాక్లెట్. నోరు తీపి అంటే ముక్కు నీచు అంటోంది, కళ్ళు రెంటికీ ఏడుస్తున్నాయి.

"ఫిల్లింగ్ ఎట్టుండాది?"

"ఇది ఫిల్లింగ్ కాదే, పీలింగ్. మా షెడ్డుని తెచ్చి నా నోట్లో పెట్టినావు."

"పొయ్యిన జన్మలో రొయ్యతో నీకేమన్నా గొడవా?"

"ఈ జన్మలోనే. రోజూ పొట్టు తీస్తున్నానని కక్ష కట్టి, ఇప్పుడది నా పొట్ట తీస్తుండాది."

ఫ్లోరాకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. పీటేసుకుని, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ, కరిగిన చాక్లెట్‌ని గరిటెతో తిప్పుతూ కూర్చుంది. ఆ వాసన ఆమెకీ పడటం లేదని జడ్సన్ అప్పుడు చూశాడు. ముక్కుకి చీర చెంగు కట్టుకుని ఉంది. అయినా తిప్పుతోంది. ఆమెకి చాక్లెట్ చెయ్యడం ఎవరూ నేర్పలేదు. కరిగితే కరిగింది, విరిగితే విరిగింది అని తనే నేర్చుకుంది. బయటివాళ్ళు పెద్ద ఎత్తున అడగడం ఇదే మొదలు. ఆయన నోటికి తాళం వేసుకుని మరో ముక్క అందుకున్నాడు.

అసలు దెబ్బ అక్కడ తగల్లేదు. శుక్రవారం సాయంత్రం షెడ్డు నించి వచ్చి, అలమర్లో దాచుకున్న మామూలు చాక్లెట్, రొయ్య సోకనిది, ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చీకట్లో రొయ్యే కనిపించింది. మీసాలు ఆడిస్తూ. ముక్క చేతిలోకి ఉమ్మి, దాని వంక చూస్తూ కూర్చున్నాడు. చాక్లెట్ పట్ల అసహ్యం! జడ్సన్‌కి తన నాలుక మీదే అలక వచ్చింది.

అప్పుడే ఫ్లోరా నాలుగోది తెచ్చి ముందర పెట్టింది. వెన్నలో వేయించిన పెద్ద వెనామీ రొయ్య. తల తీసి, తోక ఉంచి, ఒళ్ళంతా నల్ల చాక్లెట్‌లో ముంచి ఆరబెట్టింది. తోక పట్టుకుని కొరుక్కోవాలట. పొట్టు కూడా తియ్యలేదు, షెల్ గట్టిగా ఉండాలని షారన్ చెప్పింది కదా.

"ఇట్టా చాక్లెట్‌లో ముంచితే ట్రఫుల్ అంటారంట."

"ట్రబుల్ అను." అని కొరికాడు. పొట్టు కరకరమంది, లోపల మెత్తగా జారింది, బొద్దింకని తొక్కిన శబ్దం చెప్పుల కింద కాకుండా చెవుల మధ్య వినిపించింది. ఈసారి పెరటిదాకా పోలేకపోయాడు. కిటికీ దగ్గరుంది కాబట్టి సరిపోయింది. కిటికీ అవతల రెబెక్కమ్మ కనకాంబరాలు పెంచుకుంటోంది. వాటికి ఎరువు పడింది.

"నిజం చెప్పయ్యా. రేపు వాళ్ళొస్తుండారు. పెట్టొచ్చా?"

జడ్సన్ మూతి తుడుచుకున్నాడు. "చండాలంగా ఉండాది ఫ్లోరా. నాలుగూ చండాలమే. ఇది చండాలానికి పెద్దన్న."

"వాళ్ళడిగింది చెయ్యలేనని నా నోటితో ఎట్టా చెప్పేది? నువ్వు గమ్మునుండు. పెళ్ళి నీదా, రొయ్య నీదా?" అని పళ్ళెం ఎత్తుకుని పోయింది.

శనివారం వాళ్ళు వచ్చారు. షారన్, తల్లి ఎవాంజెలిన్, కాబోయే మామగారు సమాధానం. ఆయన పేరుకే సమాధానం, ఏం అడిగినా తల మాత్రం ఊపుతాడు. జడ్సన్ వాళ్ళని కూర్చోబెడుతూ తనలో తను గొణుక్కున్నాడు. 'చర్చిలో శాంతి సమాధానం అంటారు. ఈరోజు మనింట్లో వాంతి, సమాధానం.' రెబెక్కమ్మ పిలవకుండానే వచ్చి గుమ్మంలో సర్దుకుంది. రొయ్యల చాక్లెట్ సంగతి అప్పటికే ఆమె వీధంతా పంచి పెట్టినందువల్ల, గేటు దగ్గర ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు కూరగాయలు బేరమాడే నెపంతో నిలబడ్డారు. కూరగాయలవాడు పోయినా వాళ్ళు పోలేదు.

ఫ్లోరా పళ్ళెం తెచ్చింది. తెల్ల కాగితం గిన్నెల్లో ఒక్కొక్క నల్ల చాక్లెట్, ఒక్కొక్క ఎర్ర తోక.

"భలే ఉంది ఆంటీ డిజైను! ఆ ఎర్రది పువ్వా?" అంది షారన్, ఒకటి చేతిలోకి తీసుకుని.

సమాధానం మాట్లాడకుండా తోక పట్టుకుని ఒకటి ఎత్తాడు. జడ్సన్ ఫ్లోరా మొహం చూశాడు. గమ్మునుంటే ఆర్డరు నిలబడవచ్చు. పెళ్ళిలో ఊరంతా దీన్ని కొరుకుతుంది. తర్వాత ఊరంతా ఫ్లోరాని కొరుకుతుంది.

"తినబాకన్నా!" అని అరిచాడు. "ఆగండి! ఆర్డరు పోతే పోనీండి గానీ దాన్ని తినబాకండి! మా ఫ్లోరా చాక్లెట్ చేస్తే తిన్నోళ్ళు పిల్లల్ని కూడా మరిచిపోతారు. ఇది మాత్రం మనుషులు తినేది కాదు. నేను నాలుగు రకాలూ తిన్నా. మీరడిగినారని, ముక్కుకి గుడ్డ కట్టుకుని చేసింది పాపం. మీ పెళ్ళి చెడిపోకూడదని చెప్తుండా."

ఫ్లోరా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

కేక కొంచెం ఆలస్యమైంది. సమాధానం అప్పటికే కొరికేశాడు. దవడ ఒకసారి కదిలి ఆగిపోయింది. మెల్లగా జేబురుమాలు తీశాడు, నోట్లోది అందులోకి దింపాడు, విప్పి చూశాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు మొదటిసారి వినిపించింది.

"ఇది రొయ్య."

"రొయ్యా?" షారన్ చేతిలో ఉన్నది బల్ల మీద పడేసింది. "చాక్లెట్‌లో రొయ్య ఎందుకేశారాంటీ?"

"ఎందుకా? నువ్వేగా తల్లీ, రొయ్యల చాక్లెట్ కావాలన్నావు! మెసేజ్ కూడా పెట్టినావు!"

"రొయ్యల కాదాంటీ! రోయల్! మెసేజ్‌లో రాసింది కూడా ఇంగ్లీషు మాటే, రోయల్ చాక్లెట్! రాజులు తినేట్టు, గ్రాండ్‌గా!"

సమాధానం పెరట్లోకి పోయి నోరు పుక్కిలించి వచ్చాడు.

"ఆ మాట రాయల్ అను తల్లీ," అన్నాడు కాబోయే కోడలితో. "మన పక్క రాయల్ అంటేనే రాయల్. నువ్వు తడలో నేర్చుకుని రోయల్ అంటే అది నేరుగా మా గుంటలోకి దిగుతాది."

"మరి వెనామీ?" అంది ఫ్లోరా.

"వనిలా ఆంటీ! లోపల వనిలా క్రీము!"

"షెల్ గట్టిగా అన్నావే?"

"పైన చాక్లెట్ పొర! దాన్నే షెల్ అంటారు కదా!"

ఎవాంజెలిన్ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక కుర్చీలో వంగిపోయింది. తేరుకుని, "ఆర్డరు నీకే ఫ్లోరా. ఒకటే మాట. మీ ఆయన వద్దన్నది మాత్రం మా పెళ్ళికి పంపబాక," అంది.

ఫ్లోరా ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. జడ్సన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన ఆ చేతి వాసనకి మొహం పక్కకి తిప్పుకున్నాడు గానీ చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

గేటు దగ్గర ఆడవాళ్ళకి సగమే వినిపించింది. "ఏందక్కా? ఏమైందంట?" అని ఒకటే గోల. రెబెక్కమ్మ గుమ్మం దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పింది.

"రొయ్యల్ కాదంట, రాయలంట! వెనామీ కాదంట, వనిలా అంట! షెల్ అంటే రొయ్య పొట్టు కాదంట, చాక్లెట్ పొరంట! పిల్ల చెప్పింది ఒకటి, గాలికి మా ఫ్లోరా విన్నది ఒకటి. వాళ్ళు రొయ్యల్ని అడిగిందీ అబద్ధం, ఈమె విన్నదీ అబద్ధం. మా తమ్ముడు నా కనకాంబరాల మీద కక్కింది మాత్రం నిజం!"