వెనక బ్రేకు

మంగళవారం పొద్దున దుర్గాభవాని స్కూటీ మీద నుంచి పడింది. కూతురు స్నిగ్ధను బడి దగ్గర దింపి, ఉప్పల్ మెట్రో స్టేషన్ దాటి, నాచారంలో తను పనిచేసే మందుల కంపెనీకి పోతోంది. ముందున్న బస్సు ఉన్నట్టుండి ఆగింది. వెనక బ్రేకు నొక్కింది. బ్రేకు మీట పిడికి ఆనేదాకా నొక్కినా బండి పోతూనే ఉంది. కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టేసరికి చక్రం ఇసుకలో జారి బండి ఒక పక్క, తనొక పక్క పడ్డారు. మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయి. మోచేయి దోక్కుపోయింది.

దవాఖానాకు ఉరికొచ్చిన భర్త తిరుపతి, దెబ్బల వంక చూసి మొదట అడిగిన మాట ఇది:

"బస్సు ఎనకాల అంత దగ్గర్కి ఎందుకు పోయినవ్?"

"బ్రేకు పట్టలే."

"ఎట్ల పట్టది? మొన్న ఆదివారమే కదా నేను కొత్త బ్రేకు షూలు ఏసింది! నువ్వే ఆగమై ముందు బ్రేకు గుంజినవ్."

ఆమె ముందు బ్రేకు గుంజిన మాట నిజమే. అతను బ్రేకు బాగుచేసిందీ నిజమే.

తిరుపతి నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. పద్దెనిమిదేళ్లుగా యంత్రాలు విప్పి బిగిస్తున్నాడు. పోయినేడు ఉప్పల్‌లో ఒక షాపువాడు బండికి కొత్త బ్రేకు షూలు వేశానని చెప్పి, పాతవాటినే గరుకు కాగితంతో రుద్ది పంపాడు. ఇంటికొచ్చాక అనుమానంతో విప్పి చూసిన తిరుపతి, తెల్లారి ఆ షాపు ముందు చేసిన లొల్లికి రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు. దుర్గాభవాని కూడా పక్కన నిలబడి వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. ఆనాటి నుంచి ఆ ఇంటి బండి మళ్లీ షాపు గడప తొక్కలేదు. "నా పెండ్లాం, నా పిల్ల కూసునే బండి ఇది. పరాయోని చెయ్యి పడనియ్య" అనేవాడు తిరుపతి. ఆదివారాలు పానాలు, స్క్రూడ్రైవర్లు ముందేసుకుని వాకిట్లో కూర్చున్న మొగుణ్ణి చూస్తే ఆమెకూ గర్వంగానే ఉండేది.

మంగళవారం సాయంత్రం జనగామలో ఉన్న తల్లికి అతను ఫోను చేశాడు. కుట్ల నొప్పితో మంచం మీద పడుకున్న దుర్గాభవానికి ప్రతి మాటా వినబడింది. "నడపరాకపోతే గిట్లనే అయితది అమ్మా. ఎన్నిసార్లు జెప్పినా ఇనదు." తర్వాత దుర్గాభవాని తమ్ముడు జీవన్‌కు చేశాడు. అదే మాట. బుధవారం మౌలాలి నుంచి చూడటానికి వచ్చిన జీవన్, బత్తాయిల సంచి పక్కన పెట్టి, "అక్కా, బస్సుల ఎంబడి పడి పోకు, బావ చెప్పిండు" అన్నాడు. అత్తమ్మ కౌసల్యమ్మ ఫోనులో, "ఇగ బండి బందు వెట్టు బిడ్డా" అంది.

దుర్గాభవాని అన్నీ మింగింది. గురువారం పొద్దున మాత్రం మింగలేకపోయింది. బడికి తయారైన స్నిగ్ధ, షూ లేసులు కట్టుకుంటూ తలెత్తకుండా అడిగింది.

"మమ్మీ, నీ కాలు మంచిగయినంక గూడ నేను డాడీతోనే పోతా. సరేనా?"

"ఎందుకే?"

"నీకు బండి నడపరాదంట కదా."

తొమ్మిదేళ్లుగా ఆమె ఆ బండి నడుపుతోంది. ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడు ఏడో నెలదాకా దాని మీదే డ్యూటీకి పోయింది. ఒక్కనాడు ఒక్క గీత పడలేదు. కోపం కాళ్లలోంచి నెత్తికెక్కింది.

ఆ మధ్యాహ్నమే కంపెనీలో తనతో పనిచేసే మానసకు ఫోను చేసింది. నాచారంలో బెన్నీ అనే మెకానిక్ ఉన్నాడని, పని దాచుకోకుండా చేస్తాడని మానస చెప్పింది. బండిని ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, కుంటుకుంటూ తనూ ఎక్కింది.

"నా ముందటనే విప్పాలె," అంది బెన్నీతో. "ఏం జేస్తున్నవో జూపెట్టుకుంట చెయ్."

"నా మీద నమ్మకం లేదా అక్కా?"

"ఎవ్వరి మీద లేదు."

బెన్నీ ఆమెకు స్టూలు వేశాడు. సైలెన్సర్ ఊడదీసి, వెనక చక్రం లాగాడు. లోపల రెండు షూలు కొత్తవే. కానీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. బెన్నీ బొటనవేలితో రాసి ఆమెకు చూపించాడు.

"గ్రీజు అక్కా. ఈ చిన్న ఇరుసు తిరగనీకి రవ్వంత పెడితే సాలు. ముద్ద పెట్టిన్రు. బ్రేకు రాపిడి ఏడికి కరిగి షూల మీదికి దిగింది. గ్రీజు తాగిన షూ పట్టమన్నా పట్టది. ఎవరు జేసిన్రు?"

"ఇంట్లనే."

"బిగింపు మంచిగుంది. పని తెల్సిన మనిషే జేసిండు. గిదొక్కటే తప్పిండు."

ఆ మాటతో ఆమె కోపం చల్లారాల్సింది. చేతి పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కానీ పని తెలిసిన మనిషి, మూడు రోజులుగా బండి వాకిట్లోనే ఉంటే, ఒక్కసారి వంగి చూసుకోడా? బెన్నీ కొత్త షూలు వేశాక, గ్రీజు పట్టిన జతను కవర్లో వేయించుకుని అదే బండి మీద ఇంటికొచ్చింది. మోకాలు మంటెత్తుతున్నా దారిలో పదిసార్లు బ్రేకు నొక్కి చూసుకుంది. పదిసార్లూ పట్టింది.

సాయంత్రం తిరుపతి డ్యూటీ దిగొచ్చి కూర్చోగానే, నాచారం మెకానిక్ బెన్నీ తీశాడని చెప్పి చాయ్ గ్లాసు పక్కన ఆ రెండు షూలు పెట్టింది. అతను వాటిని ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడంలోనే ఆమెకు అర్థమైంది.

"నీకు తెల్సు."

అతను తల దించుకున్నాడు.

"ఎప్పటిసంది తెల్సు?"

"మంగళారం బండి ఇంటికి తెచ్చినప్పుడు... బ్రేకు డ్రమ్ము అంచుకు గ్రీజు కనవడ్డది. ఆదివారం సప్పుడు జేయకుండ మారుద్దామనుకున్న."

"అది సూసినంకనే మీ అమ్మకు ఫోను జేసినవా?"

అతను చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు.

"అడుగుతున్న కదా! సూసినంకనేనా?"

"ఊఁ."

ఆమె గొంతు కాలనీ అంతా వినబడేలా లేచింది. "తప్పు జేసినందుకు నేనొక్క మాట అంటుంటినా? గ్రీజు ఎక్కువైందని జెప్తే నవ్వి ఊకుందును! షాపోడు పాత షూలు ఏసి కొత్తయని జెప్పిండని వాని దుకాణం పీకి పందిరేసినవ్. నువ్వు జేసిందేంది? వాడు నా పిల్లతోని నాకు బండి రాదని అనిపియ్యలే!"

"భవానీ, జర మెల్లగ..."

"మెల్లగ లేదు. ఫోను తియ్. ఎవరెవరికి నాకు నడపరాదని జెప్పినవో అందరికి జెయ్. నా ముందట."

ఆమె నిలబడే ఉంది. చివరికి అతను ఫోను తీశాడు.

తల్లి అంతా విని, "పని జేసే చెయ్యి, తప్పులు రావా కొడుకా" అంది. కోడలికైతే బండి బందు పెట్టమన్న నోరు అది. దుర్గాభవాని పళ్లు కొరుక్కుంది. తర్వాత జీవన్‌కు చేశాడు. జీవన్, "బావా, బస్సు కిందికి పోతే మా అక్క దక్కేదా?" అని ఫోను పెట్టేశాడు. తిరుపతి చెవి దగ్గర ఫోను అలాగే ఉండిపోయింది.

"ఇంకొకలున్నరు," అందామె.

అతను స్నిగ్ధను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "మమ్మీకి బండి మంచిగ నడపొస్తది బిడ్డా. బ్రేకు నేనే కరాబ్ జేసిన."

పిల్ల ఇద్దరి మొహాలూ చూసింది. "మరి మమ్మీకి రాదని ఎందుకు జెప్పినవ్?"

తిరుపతి భార్య వైపు చూశాడు. జవాబు ఆమె ఇస్తుందన్నట్టు, ఇన్నేళ్లూ ఇంట్లో ఇబ్బంది మాటలన్నీ ఆమే సర్దినట్టు ఇదీ సర్దుతుందన్నట్టు చూశాడు. ఆమె జవాబు అతనికే వదిలి, చాయ్ గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయింది.

కుట్లు తీశాక, ఆ మరుసటి సోమవారం, స్నిగ్ధ సంచి భుజానేసుకుని తనే వచ్చి బండి వెనక ఎక్కి తల్లి నడుము పట్టుకుంది. తిరుపతి గేటు తీసి పట్టుకున్నాడు. "ఇగ నుంచి బెన్నీ దగ్గర్నే చేపియ్యి," అన్నాడు మెల్లగా.

"యాడ చేపియ్యాల్నో నాకెరుకే," అని దుర్గాభవాని అతని వైపు చూడకుండానే బండి బయటికి తీసింది.