బీపీ అన్న ముక్క

నువ్వుల నూనె సీసా మీద ఏం రాయాలా అని ఇంటిల్లిపాదీ కూర్చున్న రోజున, "బీపీ తగ్గుతుందని కూడా రాయరా, జనం ఎగబడి కొంటారు," అని కొడుక్కి సలహా ఇచ్చింది అత్తగారే. తీరా ఆ ముక్క బంగారు రంగు అక్షరాల్లో అచ్చయి వచ్చేసరికి ఆవిడే నమ్మేసింది. మాత్రలు మానేసి, రోజూ పొద్దున్నే చెంచాడు నూనె తాగడం మొదలుపెట్టింది. నిన్న తమ నూనె దుకాణం గుమ్మంలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో చేర్చారు కాబట్టి గండం గడిచింది.

ఇవాళ కోడలు తడిగుడ్డ పుచ్చుకుని అరల ముందు కూర్చుంది. సీసా తరవాత సీసా తీసి, లేబులు నానబెట్టి, గోటితో గీకిపారేస్తోంది.

"నీకేమైనా పిచ్చా?" మొగుడు గయ్యిమని లేచాడు. "అది మనం అల్లిందేనని అమ్మకి తెలుసుగా! తాగమని ఎవరన్నారు?"

"తెలిసిన అత్తయ్యే నమ్మితే, తెలియనివాళ్ళ గతేంటి? ఈ అబద్ధం ఇక నా చేత్తో అమ్మను. దుకాణం మూతపడితే పడనీ!"

నూనె కొనడానికొచ్చిన ఒకావిడ లేబులు లేని సీసాని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది దేనికి మంచిదమ్మా?"

మొగుడు నోరు తెరిచాడు. కోడలు అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"వంటకండీ," అంది. "అంతే."