ఎర్రనోటి సుబ్బులు

మధ్యాహ్నం రెండు దాటితే అమెరికాలో, కమ్మింగ్ ఊళ్ళోని ఆ ఇంట్లో ఎండ నేరుగా సన్‌రూమ్‌లోకి వచ్చి కూర్చుంటుంది. మూడు వైపులా అద్దాలు, అద్దాల అవతల పైన్ చెట్లు, ఆ చెట్ల మీంచి సన్నగా రాలే పసుప్పచ్చ పుప్పొడి. ఆ వెలుగులో ఎదురుగా ఉన్న మనిషి కూడా సగం నిజం, సగం కల అన్నట్టుంటాడు. సుబ్బులుకి ఆ వేళంటే ప్రాణం. యాభై ఎనిమిదేళ్ళుగా ప్రాణం. ఈ రెండు నెలలుగా మాత్రం ఆ వేళంటే భయం.

"అమ్మా, మీరీ ఇంట్లో పనికొచ్చారా?" అని అడిగాడు పరంధామయ్య, కుర్చీలో కాస్త ముందుకు వంగి.

అడిగింది కట్టుకున్న భార్యని. అదీ మీరు అని! పెళ్ళయిన నాటి నుంచి ఏమే అన్నాడు, ఒసేయ్ అన్నాడు, కోపమొస్తే మూడు రోజులు పిలవడమే మానేశాడు కానీ, మీరు అని ఏనాడూ అనలేదు. ఆ మర్యాద సుబ్బులుకి చెంపదెబ్బలా తగిలింది.

"ఇక్కడే ఉంటానండీ," అంది.

"అలాగా. మా ఆవిడ వచ్చే వేళయింది. కనిపిస్తే కాస్త ఇటు పంపండి. ఎర్రనోరు. చూడగానే తెలిసిపోతుంది మీకు."

సుబ్బులు లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆయనకి మరుపు మొదలై రెండేళ్ళయింది. కూతురు శాంతి పేరు పోయింది, అల్లుడి ముఖం పోయింది, తానున్నది అమెరికా అన్న సంగతీ పోయింది. కానీ సుబ్బులు మాత్రం పోలేదు. ఎందుకంటే రోజూ భోజనాలయ్యాక, సరిగ్గా ఈ ఎండలోనే, ఆయన ఇత్తడి పెట్టె తెరిచేవాడు. సన్‌రూమ్‌లో కుండీలో పెంచుకున్న తమలపాకు తీగ నుంచి రెండాకులు కోసి, తొడిమలు తుంచి, చిన్న భరిణెలోంచి వేలికొసతో సున్నం తీసి, ఎక్కువైనది భరిణె అంచుకే రాసేసి, ఆకు వీపున పలుచగా పూసేవాడు. వక్కపలుకులు వేసి, చిలక చుట్టి, నోరు తెరవమనేవాడు. సుబ్బులు కళ్ళు మూసుకుని నోరు తెరిచేది. పొన్నూరులో కొత్తకాపురం నాడు మొదలైన ముచ్చట అది. తన తాంబూలం తాను చుట్టుకోవాల్సిన అవసరం ఆమెకి ఏనాడూ రాలేదు.

జనవరిలో పంటి డాక్టరు ఆమె బుగ్గ లోపల తెల్లమచ్చ ఒకటి చూశాడు. వక్క మానాలి, సున్నం మానాలి, ఈ రోజే మానాలి అన్నాడు. మంచికే చెప్పాడు, కాదనలేం. ఎదురుగా పెట్టె ఉంటే ఆయన ఊరుకోడని శాంతి దాన్ని గుడ్డలో చుట్టి గరాజ్‌లో పెట్టేసింది. నెల తిరిగేసరికి సుబ్బులు నోరు వెలిసిపోయింది. ఆ వెలిసిన నోటితో పాటు ఆవిడ కూడా ఆయన కళ్ళలోంచి చెరిగిపోయింది. మచ్చ తగ్గుముఖం పట్టింది, ఆరోగ్యం కుదుటపడింది, మొగుడు మాత్రం పరాయివాడైపోయాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక సుబ్బులు డాక్టరునే నెలరోజులు తిట్టుకుంది.

ఆ మధ్యాహ్నం కుళాయి చప్పుడు వెనక ఏడుపు విన్నది మనవరాలు ఇషిత. ఇరవై రెండేళ్ళ పిల్ల. కాలేజీలో కెమిస్ట్రీ చదువుతుంది, శని ఆదివారాలు మాల్‌లో లిప్‌స్టిక్‌లు అమ్మే కౌంటర్‌లో నిలబడుతుంది. ఆ ఊళ్ళో తెలుగు ఆంటీలందరికీ ముఖం సంగతుల్లో సలహాదారు అదే. ఫోన్ మోగితే చాలు, "ఆంటీ, డైలీకి ఫౌండేషన్ వద్దు, సన్‌స్క్రీన్, కాజల్, లిప్ కలర్ చాలు," అని గడగడా చెప్పేస్తుంది.

"అమ్మమ్మా, తాతయ్య రెడ్ మౌత్ కావాలి అన్నాడు కదా?" అంది ఇషిత. "రెడ్ నేను చేస్తాను. ఐ కెన్ మ్యాచ్ ఎనీ కలర్."

"నాకా? లిప్‌స్టిక్కా?" సుబ్బులు ముక్కు చీదుకుంటూనే నవ్వేసింది. "డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చాక పెదాలకి రంగేంటే, నలుగురూ నవ్విపోరూ!"

"నలుగురు ఎవరు? తాతయ్య ఒక్కడే కదా చూసేది."

సుబ్బులు కుళాయి కట్టేసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

మర్నాడే రంగు పూసేస్తుందనుకుంది. ఇషిత అమ్మమ్మ గడ్డం పట్టుకుని పెదాలని వెలుగులోకి తిప్పి చూసి, తల అడ్డంగా ఊపింది. చలికాలమంతా హీటర్ గాలికి ఎండి, పొట్టు లేచి, మూలల్లో పగిలి ఉన్నాయవి.

"కలర్ లేటర్. ఫస్ట్ పెదాలు బాగవ్వాలి. క్రాక్స్ మీద లిప్‌స్టిక్ పెడితే ఇంకా అగ్లీగా కనిపిస్తుంది. నువ్వు నాలికతో తడి చేసుకోవద్దు అమ్మమ్మా. లిక్ చేస్తే ఇంకా డ్రై అవుతుంది. నీళ్ళు తాగు. పొట్టు పీకొద్దు. పడుకునేముందు ఈ బామ్ థిక్‌గా రాయి."

"ఇది వెన్నపూసే కదే. మా అమ్మ చలికాలం మాకిదే రాసేది."

"యా, బేసిక్‌గా వెన్నపూసే. వాసన లేనిది."

మూడు వారాలు సుబ్బులు బుద్ధిగా రాసుకుంది. పెదాలు నాకినప్పుడల్లా ఇషిత ఎక్కడి నుంచో "అమ్మమ్మా!" అని కేకేసేది. ఈ లోపల ఇషిత పాత పెళ్ళి ఫోటోల్లో, పండగ ఫోటోల్లో అమ్మమ్మ నోటిని పెద్దది చేసి చూస్తూ, తన ముంజేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా గీతలు గీసుకుంది. ఒకటి బీట్‌రూట్ గులాబీ, ఒకటి దానిమ్మ, ఒకటి ఇటుక, ఇంకొకటి ఏదో పేరు పలకడం రాని ఎరుపు. ఒక్కొక్కటీ పూసి చూపిస్తే సుబ్బులు పెదవి విరిచేది. ఇది పెళ్ళికూతురి చీర రంగు, ఇది పుండు రంగు, ఇది ఎవర్నో కరిచొచ్చిన రంగు. పాపం ఆ పిల్ల మళ్ళీ తుడిచి మళ్ళీ కలిపేది.

ఏప్రిల్ చివర ఇషిత పుట్టినరోజు వచ్చింది. దిష్టి తీయడానికి సుబ్బులు పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు వేసి, గరాజ్‌లోని పెట్టెలోంచి తెచ్చిన చిటికెడు సున్నం కలిపింది. పసుపు నీళ్ళు కళ్ళముందే ఎర్రగా తిరిగాయి. పీటల మీద కూర్చున్న పుట్టినరోజు పిల్ల ఒక్క గెంతు గెంతింది. ఇన్నాళ్ళూ తను కొలతలు వేసి వెతుకుతున్న ఎరుపు ఇంట్లోనే, పళ్ళెంలోనే ఉంది! ఎవరికీ చెప్పకుండా ఆ సాయంత్రమే పసుపు, సున్నం తేనెలో నూరి తన పెదాలకి పట్టించింది. ముందు తన మీద వేసుకుని చూడందే ఎవరికీ ఏదీ పూయకూడదన్నది ఆ పిల్ల నియమం. ఆ నియమమే అమ్మమ్మని కాపాడింది. పది నిమిషాల్లో పెదాలు భగ్గుమన్నాయి, తెల్లారేసరికి బొబ్బలు.

"కెమిస్ట్రీ చదివేదానివి, సున్నం పొక్కుతుందని తెలీదుటే!" అని సుబ్బులు తిట్టింది. తిడుతూనే ఇషిత తలని ఒళ్ళో పెట్టుకుని, గోరంత వెన్న తీసి మెల్లగా రాసింది. "పీకకు. నాకకు. నీళ్ళు తాగు," అంది. తన సలహాలు తనకే వినిపిస్తుంటే ఇషిత నవ్వబోయి, నొప్పి పుట్టి ఆగిపోయింది. ఊరందరి పెదాలు బాగుచేసే పిల్ల ఆ శని ఆదివారాలు మాస్క్ పెట్టుకుని కౌంటర్‌లో నిలబడింది.

ఇషిత ఆ ఒడిలో పడుకునే అడిగింది. "అమ్మమ్మా, అసలు ఆ రెడ్ ఎలా ఉండేది? ఫోటో కాదు. నువ్వు చెప్పు."

సుబ్బులు కళ్ళు మూసుకుంది. తమలపాకు కారం నాలిక మీద మళ్ళీ పాకింది. ఎండ రెప్పల మీద వెచ్చగా వాలింది. "అది పైన పూసిన రంగు కాదే. లోపల్నుంచి వచ్చేది. నాలిక దగ్గర చిక్కగా ఉండి, పెదవి లోపలి గీత దగ్గర ముదురుగా ఉండి, బైటికొచ్చేకొద్దీ పలచబడిపోయేది. అంచులు నా పెదాల రంగే. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు."

ఇషిత లేచి కూర్చుంది. ఇన్నాళ్ళూ తను పెదవి అంచుకి గీత గీసి లోపల నింపుతోంది. నింపాల్సింది లోపలి నుంచి.

మే నెలలో రంగు కుదిరింది. మైనం, ఆముదం, ఇటుక ఎరుపులో చుక్క గోధుమరంగు. ఇషిత దాన్ని ముచ్చటగా లిప్‌స్టిక్ గొట్టంలో పోసింది కానీ, జార్జియా ఎండలో కారులో మర్చిపోయింది. సాయంత్రానికి గొట్టం నిండా పులుసు. మిగిలినదాన్ని గీకి, కరిగించి, ఖాళీ అయిన బామ్ డబ్బా ఒకటి కడిగి అందులో పోసింది. బొటనవేలంత గుండ్రటి రేకు డబ్బా.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి అమ్మమ్మని కూర్చోబెట్టి ముందు తడి లేకుండా అద్ది, పలుచగా బామ్ రాసి, దాన్ని కాగితంతో ఒత్తి, అప్పుడు బ్రష్‌తో లోపలి గీత దగ్గర రంగు పెట్టి వేలితో బైటికి చెరిపింది. అద్దం చూపించింది.

సుబ్బులు చాలాసేపు చూసుకుంది. తెల్లజుట్టు, ముడతలు, వాటి మధ్యలో కొత్తకాపురం నాటి నోరు. ఎవరో పెరటి తలుపు తీసినట్టయింది. గుమ్మంలో ఆనాటి సుబ్బులు నిలబడి ఉంది, లోపలి నుంచి ఆయన పిలుస్తున్నాడు. సుబ్బులు అద్దం దించింది. చీర సర్దుకుంది. పెళ్ళిచూపులకి కూడా అంత భయపడలేదు.

సన్‌రూమ్‌లో ఆయన ఎదురుగా వెళ్ళి కూర్చుంది. ఇషిత డబ్బా పట్టుకుని పక్కనే నిలబడింది. పరంధామయ్య తల తిప్పి చూశాడు. పెదాల దగ్గర చూపు ఆగింది. 

"బాగుందమ్మా మీ నోరు," అన్నాడాయన మెచ్చుకోలుగా. "మా ఆవిడదీ అచ్చం ఇంతే. ఆవిణ్ణి చూశారా మీరు?"

అంతే. ఇన్ని వారాల ఆశ ఆ ఒక్క మర్యాద మాటతో నేల కూలింది. ఇషిత డబ్బా బల్ల మీద పెట్టేసి ముఖం తిప్పుకుంది. సుబ్బులు కొంగు తీసి, ఒక్కసారి కాదు, మూడుసార్లు గట్టిగా తుడుచుకుంది. సిగ్గేసింది. ఈ వయసులో రంగులు పూసుకుని మొగుడి ముందు నిలబడి, నేనెవరో చెప్పమని అడుక్కోవడమా? ఇంక చాలు, ఈయనకి నేను లేను అనుకుంది. లేచి వెళ్ళిపోదామని కుర్చీ చెయ్యి పట్టుకుంది.

ఎండ జరిగి బల్ల మీదికి వచ్చింది. రేకు డబ్బా మెరిసింది. పరంధామయ్య చెయ్యి చాచి దాన్ని తీసుకున్నాడు.

అరచేతిలో దొర్లించి చూశాడు. బొటనవేలితో మూత ఎగదోశాడు. చూపుడువేలి కొసని లోపల ముంచి, పైకి తీసి, ఎక్కువైనది డబ్బా అంచుకి రాసేశాడు. ఎడమ చెయ్యి దానంతటదే ముందుకొచ్చి, ఆకు కోసం తెరుచుకుంది. ఆ చేతిలో ఆకు లేదు. ఆయన కంగారుగా చెయ్యి చూసుకున్నాడు, ఒడి చూసుకున్నాడు, అటూ ఇటూ వెతికాడు. రంగు పూసిన వేలు గాలిలో నిలబడిపోయింది.

ఆ తర్వాత సుబ్బులు చేసింది ఆలోచించి చేసింది కాదు. యాభై ఎనిమిదేళ్ళ అలవాటు చేసింది. ముందుకి వంగి, కళ్ళు మూసుకుని, కాస్త నోరు తెరిచింది.

ఒక క్షణం ఏమీ లేదు. పైన్ చెట్లలో గాలి చప్పుడు. తర్వాత వేలు వచ్చింది. కింది పెదవి లోపల ఆగి, మెల్లగా బైటికి జరిగింది. పలుచగా, ఆకు వీపున సున్నం పూసినట్టే.

"కదలకే సుబ్బులూ," అన్నాడు పరంధామయ్య. గొంతులో పాత విసుగు. "సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

పక్కన ఇషిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సుబ్బులు కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి కానీ, కళ్ళు మాత్రం తెరవలేదు. తెరిస్తే మళ్ళీ ఎక్కడ అమ్మా, మీరు అంటాడోనని భయం.

"మింగెయ్యకు. రసం ఊరనీ," అన్నాడాయన.

నోట్లో ఏమీ లేదు. అయినా సుబ్బులు మింగలేదు.