కొసరుకు పూచీ లేదు

అత్తరు షావుకారు కొసరు అడక్కుండా ఏ బేరమూ ముగించి ఎరగడు. తూకం సరిపోయి, అవతలివాడు సంచి మూతి కడుతున్నప్పుడు నవ్వుతూ చెయ్యి చాపేవాడు. "ఇంకాస్త వెయ్యవయ్యా, నీ సొమ్మేం పోయింది." వాడు విసుక్కుంటూనే వేసేవాడు. తన దుకాణంలో తాను కొసరు వేసినప్పుడు మాత్రం ఒక మాట అనడం మరిచేవాడు కాదు. "దీనికి పూచీ లేదు సుమండీ. బాగుంటే వాడుకోండి, లేకపోతే పారబొయ్యండి."

ఇరవై ఏళ్ల కిందట డాక్టరు ముందూ అదే అలవాటుతో కూర్చున్నాడు. మొదటి బిడ్డ నెలనెలా ఎవరి రక్తమో ఎక్కించుకుంటూ బతికి, బడికి వెళ్లే వయసు రాకుండానే పోయాడు. రెండో బిడ్డకు ఆ జబ్బు రాకుండా, పిండంగా ఉన్నప్పుడే జన్యువును దిద్దుతానన్నాడు డాక్టరు. అంతవరకు ఎవరూ వంక పెట్టలేని బేరమే. లేవబోతూ షావుకారు ఊరుకోలేకపోయాడు.

"ఎలాగూ లోపల చెయ్యి పెడుతున్నారు కదా. మాది వాసనల వ్యాపారం. బిడ్డకు కాస్త మంచి ముక్కు కూడా వెయ్యండి, కొసరుగా."

డాక్టరు అప్పట్లో కుర్రవాడు, పనితనం చూపించుకోవాలని ఉబలాటపడేవాడు. నవ్వి, "చూద్దాం" అన్నాడు. చూశాడు.

ఆడపిల్ల పుట్టింది. చిట్టి అని పిలుచుకున్నారు. రక్తం నిక్షేపంగా ఉంది. తల్లి ఎత్తుకుంటే మాత్రం గుక్కపట్టి ఏడ్చేది. తల్లి సబ్బు మానేసింది, తలనూనె మానేసింది, ఉల్లిపాయ మానేసింది. చివరికి దగ్గరకు వెళ్లడమే మానేసి, పాలసీసా చెయ్యి చాపి పట్టేది. పూలూ గంధపు చెక్కలూ పిల్లకు పడేవి, మనుషుల వాసనే పడేది కాదు. పెరిగాక వెనక గదిలో ఒంటరిగా కూర్చుని అత్తర్లు కలపడం మొదలుపెట్టింది. చిట్టి చేతి సరుకంటే జనం దూరాల నుంచి వెతుక్కుంటూ వచ్చారు. దుకాణం మీద ఇంకో అంతస్తు లేచింది. షావుకారు లాభం చూసుకున్నాడు. నష్టం ఎవరి ఖాతాలో పడుతోందో చూడలేదు.

ఇప్పుడు తల్లి మంచాన పడింది. వీపంతా పుళ్లు పడ్డాయి. చిట్టి ఒకసారి గుమ్మం దాటి, మంచం చేరకుండానే వాంతి చేసుకుని వెనక్కి పరుగెత్తింది.

"అక్కడి నుంచే మాట్లాడు తల్లీ, వినబడుతుంది" అంది తల్లి.

ఆమెకు ఎక్కువ రోజులు లేవని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే చిట్టి ముక్కు నరం కోయించుకుంటానంది. "ఒక్కసారైనా అమ్మ పక్కన కూర్చోవాలి నాన్నా."

వేరే డాక్టర్లు ఆ ముక్కు మీద చెయ్యి వెయ్యలేమన్నారు. అందులో ఏం మార్చారో తెలిసినవాడు ఆ పాత డాక్టరు ఒక్కడే. ఆయన ఇప్పుడు పెద్ద ఆస్పత్రిలో పేరున్న డాక్టరు. తండ్రీకూతుళ్లు ఆయన గదికి వెళ్లారు.

"బాగున్న నరం ఎందుకు కోశావని రేపు నన్ను నిలదీస్తారు షావుకారుగారూ" అన్నాడు డాక్టరు. "పాత సంగతంతా బయటికొస్తుంది. ముక్కు మార్చమని అడిగింది మీరేనని మా ఆస్పత్రి పెద్దల ముందు చెప్పండి, కోస్తాను."

"అడిగితే వేసెయ్యడమేనా? నేను చదువుకోనివాణ్ణి. మీకేమైంది?"

"మీ కొట్లో ఎవరైనా ఘాటు ఎక్కువ కావాలంటే వెయ్యరా?"

"వేస్తాను. తలనొప్పి వస్తుందని చెప్పి మరీ వేస్తాను."

"కొసరన్నారు మీరు. దానికి నేను పైసా తీసుకోలేదు."

ఇంతకాలం షావుకారు జనానికి చెప్పిన మాటే తిరిగొచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది.

చిట్టి కిటికీ పక్కన, ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. "అయిందా? పుచ్చిన సరుకు నీ గుమ్మంలో దించాలా, నా గుమ్మంలో దించాలా అని కొట్టుకుంటున్నారు. సరుకు ఇక్కడే కూర్చుని వింటోంది."

ఇద్దరూ తలదించుకున్నారు.

"ఎవరో ఒకరు ఒప్పుకోండి. ఎవరైనా నాకొకటే. అమ్మకు అంత టైం లేదు."

షావుకారు డాక్టరు వైపు తిరిగాడు. "నేనే అడిగాను. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాను."

ఆ మాటతో అతనికి గుండె మీంచి బండరాయి దిగినట్టయింది. డాక్టరు ముఖం విప్పారింది. లేచి చెయ్యి కలిపాడు. అక్కడితో ఆగిపోతే బాగుండేది. కానీ చెయ్యి కలిపితే బేరం ముగిసినట్టు, బేరం ముగిస్తే షావుకారు నాలుక ఆగదు.

"ఒక్కమాట డాక్టరుగారూ. మొత్తం తీసెయ్యకండి. పూల వాసన వరకైనా కాస్త ఉంచితే..."

చిట్టి గుడ్డ విప్పి తండ్రి వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాడు. నవ్వింది.

"ఏమీ ఉంచకండి" అంది డాక్టరుతో. "ఆయన అడిగారని మళ్లీ ఏదీ వెయ్యకండి."

ఆపరేషన్ కట్టు విప్పిన రోజున చిట్టి ఇంటికి రాగానే నేరుగా తల్లి గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుంది. తల్లి అలవాటుకొద్దీ గోడవైపు జరగబోయింది. జరిగే ఓపిక లేదు.

"దూరంగా ఉండు తల్లీ. ఒళ్లంతా కంపు."

"నీకు ఏ వాసనా లేదమ్మా" అంటూ చిట్టి తల్లి మెడలో ముఖం దాచుకుంది. గట్టిగా గాలి పీల్చింది. ఏమీ రాలేదు. మళ్లీ పీల్చింది.

షావుకారు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి ఒక కాలు లోపల పెట్టాడు. "నేనూ రానా అమ్మా?"

చిట్టి తల ఎత్తలేదు.

"అక్కడి నుంచే మాట్లాడు నాన్నా. వినబడుతుంది."