తూముకి అడ్డం పెట్టిన బండ

కాలు విరిగిన పదకొండో రోజు సాయంత్రం నక్కను మొదటిసారి చూశాను.

నేను వెనక వసారాలో మంచం మీద ఉన్నాను. ఎడమ కాలికి తొడ దాకా సిమెంటు కట్టు. హైవే పక్క సర్వీసు రోడ్డులో బండి జారి పడ్డాను, అంతకుమించి చెప్పుకోదగ్గది అందులో ఏమీ లేదు. ఆరు వారాలు కదలకూడదన్నారు. గదిలో ఉక్కగా ఉంటుందని నాన్న మంచం తెచ్చి వసారాలో వేశాడు. అక్కడి నుంచి పెరడంతా కనిపిస్తుంది. చూడటమే తప్ప దిగడానికి లేదు.

మాది పెదకాకాని దగ్గర కొత్త వెంచర్. పది ఇళ్ళు లేచాయి. మిగతావన్నీ తుమ్మ తుప్పలు మొలిచిన ఖాళీ ప్లాట్లు. నాన్న ఊళ్ళో మిరప పొలం చేస్తూనే ఇక్కడ ఇల్లు కట్టించి, చుట్టూ తలెత్తు ప్రహరీ పెట్టించాడు. వాన నీళ్ళు పోవడానికి గోడ అడుగున ఒక తూము వదిలారు. నక్క ఆ తూములోంచే వచ్చింది.

ముందు పిల్లి అనుకున్నాను. కానీ కాళ్ళు సన్నం, చెవులు పెద్దవి, తోక పొడుగ్గా, గుబురుగా ఉంది, తోక చివర నలుపు. గుంటనక్క. గోడ వారగా నడిచి, మూలన పేర్చిన పత్తి కట్టె వెనక్కి పోయింది. ఆ కట్టె అమ్మ నీళ్ళ పొయ్యిలోకి దాచుకున్నది.

నేను బి.ఎస్సీ.లో జువాలజీ చదివాను. ఆ పైన బి.ఇడి. చేసి, బయాలజీ టీచరు పోస్టుకి పరీక్ష రాశాను. మా వాళ్ళలో పదో తరగతి దాటినవాడిని నేనొక్కడినే. పుస్తకంలో నక్క గురించి ఏమేం ఉంటాయో పరీక్ష కోసం చదివినవాడినే గానీ, అది కూర్చుని చెవి గోక్కోవడం ఎప్పుడూ చూడలేదు. పరీక్ష నోట్సు వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. వాటిలో రాయడం మొదలుపెట్టాను. పొద్దుగూకే వేళ బయటికి పోతుంది. తెల్లవారే ముందు తిరిగి వస్తుంది. ముంగిస ఎదురుపడితే పక్కకి తప్పుకుంటుంది. జామచెట్టు మీద జెముడుకాకి అరిస్తే ఆగి పైకి చూస్తుంది. పదహారో రోజున కట్టె సందులోంచి మూడు పిల్లలు బయటికి వచ్చాయి. బూడిదరంగు బొచ్చు, పొట్టి మూతులు. తల్లి తోక పట్టుకుని లాగాయి, అది పళ్ళు చూపించి ఊరుకుంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దానికి కారణం ఉంది. మా వైపు పొద్దున లేవగానే నక్క ముఖం చూస్తే ఆ రోజు వెళ్ళిన పని అవుతుందంటారు. ఇంట్లో నక్క ఉందని తెలిస్తే వెంచర్ అంతా మా పెరట్లోనే నిద్ర లేస్తుంది. జనం మసిలే చోట నక్క పిల్లల్ని ఉంచదు. అందుకని నోరు మూసుకున్నాను.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం నాన్న పొలం నుంచి గంపెడు తాలు మిరపకాయలు తెచ్చాడు. తాలు అంటే ఎండలో తెల్లబడిపోయి, కొనేవాడు పక్కకి తీసేసే కాయ. పొగబెట్టడానికి దాన్ని మించింది లేదు. అడుగున చిల్లు పెట్టిన పాత కుండ కూడా చేతిలో ఉంది.

"ఏంటి నాన్నా అది?"

"పందికొక్కులురా. కట్టె వెనకాల బొక్క చూశావా, నా చెయ్యి దూరుతుంది. ఇట్టాగే వదిలేస్తే గోడ పునాది దిగిపోద్ది. మీ అమ్మని ముక్కుకి గుడ్డ కట్టుకోమను."

కుండలో వరిగడ్డి కూరాడు. పైన కాయలు పోశాడు. అగ్గిపెట్టె కోసం జేబు తడుముకుంటున్నాడు. ఆ పొగ బొక్కలోకి ఊదితే లోపలున్నది ఏదైనా బయటికి రావాల్సిందే, లేకపోతే లోపలే చావాల్సిందే. ఆ పిల్లలకి నడకే సరిగా రాదు.

"నాన్నా, ఆగు. అవి పందికొక్కులు కావు."

"మరేంటి, పులా?"

"నక్క. పిల్లలు పెట్టింది."

నాన్న చెయ్యి జేబులోనే ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆయన మొహం అంత వెలగడం నేను డిగ్రీ పాసైన రోజు కూడా చూడలేదు.

"మన ఇంట్లోనా? ఎన్నాళ్ళ నుంచి?"

"పది రోజులు."

"పది రోజుల నుంచి నోట్లో బెల్లం పెట్టుకు కూర్చున్నావేంట్రా?" అని కుండ పక్కన పెట్టేశాడు. "ఒసేయ్ సుబ్బరావమ్మా, ఇటు రా. నీ కొడుకు ఉద్యోగం మన ఇంటికి నడిచొచ్చింది."

అమ్మ గరిటెతోనే బయటికి వచ్చింది. నాన్న నా మంచం పక్కన గొంతుకు కూర్చున్నాడు. "రిజల్టు ఈ వారంలోనే అన్నావు కదా. అది వచ్చేదాకా రోజూ లేవగానే దాని మొహమే చూడాలి నువ్వు. వేరే మొహం చూడమాక. మీ అమ్మ మొహం కూడా."

"నా మొహానికేమొచ్చింది?" అంది అమ్మ.

అప్పటికి నాకు నవ్వే వచ్చింది. పొగ తప్పిందనే సంతోషంలో ఉన్నాను.

పొద్దుగూకాక తల్లి నక్క ఎప్పటిలాగే తూములోంచి బయటికి పోయింది. ఆ తరవాత పావుగంటకి నాన్న ముందు వాకిట్లో మిగిలిన కడప బండ ఒకటి దొర్లించుకుంటూ వచ్చాడు. తూముకి అడ్డంగా ఆనించి, సందుల్లో ఇటుక ముక్కలు బిగించాడు.

"నాన్నా, ఎందుకది?"

"పోకుండా. రిజల్టు వచ్చాక తీసేద్దాం."

"తల్లి బయటికి పోయింది. ఇప్పుడే చూశాను. లోపల పిల్లలే ఉన్నాయి."

"లోపలే ఉందిరా. ఇందాక కట్టె సందులో తోక చూశా."

"అది పిల్ల తోక నాన్నా. తల్లి తెల్లారుజామున వచ్చి పాలివ్వాలి. అది ఈ గోడ ఎక్కలేదు."

"నీ పుస్తకాలు నాకు చెప్పబాక. యాభై ఏళ్ళు పొలంలో ఉన్నాను, నక్క సంగతి నాకు తెలీదా?" అని చేతులు దులుపుకున్నాడు. తరవాత గొంతు తగ్గించాడు. "నాకోసమా ఇదంతా?"

నా చదువు కోసం ఆయన ఏమేం మానుకున్నాడో నాకు తెలుసు. ఆ బండ కూడా నా కోసమే పెట్టాడు.

తెల్లవారుతుండగా బండ అవతల గీరుతున్న చప్పుడు విన్నాను. కాసేపు గీరడం, కాసేపు నిశ్శబ్దం. లోపలి నుంచి పిల్లలు కుయ్‌మని సన్నగా అరిచాయి. నేను వాకర్ అందుకుని లేచాను. మెట్టు దగ్గరే తూలాను. అమ్మ పరుగెత్తుకొచ్చి పట్టుకుంది.

"రెండో కాలు కూడా విరక్కొట్టుకుంటావా? పడుకో."

"అమ్మా, ఆ బండ నువ్వు తియ్యి."

"మీ నాన్న పెట్టింది నేను తీస్తే ఇంట్లో ఉంటానా?" అంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, దుప్పటి సర్ది, అక్కడే నిలబడింది. గీరుడు ఆమెకీ వినిపిస్తూనే ఉంది.

ఇంతలో పక్కింటి కోటేశ్వరి అత్త తలుపు తట్టింది. కొప్పు కూడా ముడుచుకోలేదు. "వదినా, మీ పెరట్లో నక్క ఉందని అన్నయ్య టీ కొట్టు దగ్గర చెప్పాడంటగా. మా అమ్మాయికి ఇయ్యాల ఇంటర్ పరీక్ష, కళ్ళు మూయించి తీసుకొచ్చా." వెనకే ఆ పిల్ల రెండు చేతులూ కళ్ళ మీద పెట్టుకుని నిలబడింది. ఆ వెనక లారీ నడిపే గౌస్ బాషా అన్న. బండ అవతల గీరుడు ఆగిపోయింది.

ఆ రోజంతా పిల్లలు పగటిపూట కూడా బయటే తిరిగాయి. అంతకుముందు ఎప్పుడూ అలా రాలేదు. నాన్న పళ్ళెంలో పాలు పోసి, గుడ్డు పగలగొట్టి పెట్టాడు. అవి పళ్ళెంలో కాళ్ళు పెట్టి తొక్కాయి గానీ తాగలేదు. సాయంత్రానికి రెండే కనిపించాయి. మూడోది బొక్క అంచున తల పెట్టుకుని పడుకుంది.

నాన్నకి ఇంకో రెండుసార్లు చెప్పాను. "తల్లి లేదు నాన్నా. చచ్చిపోతాయి."

"సిగ్గుపడి దాక్కుందిరా. ఎల్లుండికల్లా అలవాటైపోద్ది" అన్నాడు. నిజంగానే నమ్మాడు. తిట్టినా బాగుండేది. నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమో చూశాడు.

మర్నాడు వెలుగు రాకముందే పాతికమంది దాకా వచ్చారు. తూము అవతల సందులోనూ జనమే. తల్లి గోడ దగ్గరికి రావడానికి కూడా దారి లేదు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికీ కట్టె మోపు చూపిస్తున్నాడు. ఒక్క పిల్ల బయటికి వచ్చి, నాలుగడుగులు వేసి, కూర్చుండిపోయింది. ఫోన్లు పైకి లేచాయి.

"బాబాయ్, నాకు ఇది కుక్కపిల్లలాగా కనపడుతుందే" అన్నాడు గౌస్ బాషా అన్న. ఎవరో నవ్వారు.

"నీకు లారీ తప్ప ఏం కనపడుద్దిరా? నక్కే అది."

"మరి తల్లేది? రెండ్రోజుల నుంచి మొహం చూపించదే?"

"వస్తది, ఆగు."

"నిన్న మా అమ్మాయికి ఫిజిక్స్ పేపరు పోయిందన్నయ్యా" అంది కోటేశ్వరి అత్త. "కుక్క మొహం చూపించావా ఏంటి?"

ఈసారి చాలామంది నవ్వారు. నాన్న మెడ దగ్గర ఎర్రబడింది. వసారా వైపు తిరిగాడు.

"మా వాడు చదివింది ఆ చదువే. వాడిని అడగండి. వాడి నోట అబద్ధం రాదు. ఏరా ప్రేమూ, చెప్పు. ఏంటవి?"

అందరూ నా వైపు చూశారు. నాన్న కూడా చూశాడు. అనుమానం ఉన్న చూపు కాదది. ఊళ్ళో ఎవరి దగ్గరైనా నా పేరు చెప్పేటప్పుడు ఆయన అలాగే చూస్తాడు.

నక్క అంటే వీళ్ళు రేపు కూడా వస్తారు. ఎల్లుండి వంద మంది వస్తారు. పిల్లలకి అంత వ్యవధి లేదు. నేను లేచి వెళ్ళి బండ తీయలేను. నాకున్నది మాట ఒక్కటే.

"కుక్కపిల్లలండీ" అన్నాను. "వీధికుక్క తూములోంచి వచ్చి పెట్టింది. నాన్నకి దూరం చూపు ఆనక పొరబడ్డాడు."

నవ్వులు మొదలయ్యాయి.

"బాబాయ్, కుక్కకి ఇస్త్రీ చొక్కా కూడానా" అన్నాడు గౌస్ బాషా అన్న. కోటేశ్వరి అత్త ఉదయం పూట పని చెడిందని గొణుక్కుంటూ వెళ్ళింది. ఒక్కొక్కరూ గేటు దాటారు. గోడ అవతల సందులో కూడా మాటలు దూరమయ్యాయి.

పెరట్లో నాన్న ఒక్కడే మిగిలాడు. నన్ను ఏమైనా అంటాడని ఎదురుచూశాను. ఆయన నా వైపు చూడలేదు. తిన్నగా తూము దగ్గరికి వెళ్ళి, ఇటుక ముక్కలు కాలితో తన్ని, బండ పక్కకి దొర్లించాడు. చొక్కాకి మట్టి అంటింది. అలాగే పొలానికి వెళ్ళిపోయాడు.

పొద్దు దిగే వేళకి నక్క తూము నోట్లో తల పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. తరవాత ఒక్క పరుగున కట్టె వెనక్కి పోయి, మెడ దగ్గర కరుచుకుని ఒక పిల్లని పట్టుకుపోయింది. కొంతసేపటికి వచ్చి రెండోదాన్ని తీసుకుపోయింది. మూడోసారి కూడా లోపలికి వెళ్ళింది. ఉత్త నోటితో బయటికి వచ్చింది. పాల పళ్ళెం వాసన చూసి, తూములోంచి వెళ్ళిపోయింది. ఆ తరవాత రాలేదు.

మర్నాడు నేను లేచేసరికి నాన్న పార పట్టుకుని జామచెట్టు కింద గొయ్యి తీస్తున్నాడు. పక్కన పాత తువ్వాల్లో చుట్టినది చిన్నగా ఉంది. నాకు ఆయన వీపే కనిపిస్తోంది.

పక్కింటి గోడ మీద నుంచి కోటేశ్వరి అత్త తల పెట్టింది. "ఏంటన్నయ్యా పొద్దున్నే, ఏం పూడుస్తున్నావు?"

తువ్వాలు విప్పి చూపిస్తే చాలు. ఆ తోక చూసినవాళ్ళెవరూ కుక్క అనరు. టీ కొట్టు దగ్గర పోయిన పరువు ఆ ఒక్క నిమిషంలో తిరిగి వచ్చేది.

"కుక్కపిల్లమ్మా" అన్నాడు నాన్న. "మా వాడు చెప్పాడుగా."

మట్టి కప్పి, పార కడిగి, వసారాలోకి వచ్చాడు. రోజూ ఆ వేళకి నన్ను బాత్రూముకి తీసుకెళ్ళేది ఆయనే. వంగి నా చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు. భుజం ఎముకలు చేతికి తగిలాయి.

"నాన్నా, నిన్న నేను..."

"పద" అన్నాడు.

బాత్రూము దాకా ఇరవై అడుగులు. నడిపించాడు, బయట నిలబడ్డాడు, మళ్ళీ నడిపించుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. కాలి కింద దిండు సర్దాడు. కట్టు విప్పడానికి ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయి.