మొద్దు, ఒకటి, రెండు, మూడు

"మొద్దూ, తువ్వాలు!"

స్నానాల గదిలోంచి వచ్చే ఈ కేక పంతొమ్మిదేళ్లుగా వింటున్నాను. తువ్వాలు తలుపు పక్కనే కొక్కేనికి ఉంటుంది. చెయ్యి బయటపెడితే అందుతుంది. అయినా నేను పొయ్యి తగ్గించి, చెయ్యి తుడుచుకుని వెళ్లి అందించాలి. పెళ్లయిన కొత్తలో బస్సు ఒక స్టాపు ముందే దిగేసి దారి తెలియక తిరిగాను. ఆ రోజు మా ఆయన పెట్టిన పేరది. ఇప్పుడు మా అత్తగారు, ఆడపడుచు, చివరికి ఆయన స్నేహితులు కూడా అలాగే పిలుస్తారు. తిట్టు కాదట, ముద్దట. కోపం తెచ్చుకుంటే "చూశారా, ముద్దు కూడా అర్థం కాదు దీనికి" అంటారు. అందుకని నవ్వడం అలవాటు చేసుకున్నాను.

నేను పళ్ల ఆసుపత్రిలో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. మొదటి ఐదేళ్లు వెనక గదిలో పరికరాలు కడిగాను. ఎవరి నోట్లోంచో వచ్చిన నెత్తురు, ఎవరి ఉమ్మో, ఆ వేడినీళ్ల ఆవిరి. కౌంటర్ దగ్గరికొచ్చి పదకొండేళ్లయింది. కుర్చీ ఉంది, కిటికీ ఉంది, నా పేరుతో ఒక మెయిల్ ఉంది. ఇంట్లో ఎవరూ పిలవని నా అసలు పేరు ఆ మెయిల్‌లోనే మిగిలింది.

ఆ రోజు నేను వెళ్లేసరికే ఫోన్లు మోగుతున్నాయి. నా మెయిల్ నుంచి పేషెంట్లందరికీ ఉత్తరం వెళ్లిందట, బహుమతి వచ్చింది, ఇక్కడ నొక్కండి అని. "నాకు నోట్లో ఒక్క పన్ను లేదమ్మా, ఉచితంగా పళ్లు తెల్లబరుస్తానంటావేంటి?" అన్నాడొక ముసలాయన. నవ్వొచ్చింది. డాక్టరమ్మ మొహం చూసి ఆగిపోయింది.

కంప్యూటర్లు చూసే అతన్ని పిలిపించారు. నాకన్నా చిన్నవాడు, అక్కా అంటాడు. కాసేపు ఏదో వెతికాడు. "దొంగలు ఊడ్చుకుపోయిన పాస్‌వర్డ్‌ల జాబితాలో మీదీ ఉందక్కా" అని తెర మా వైపు తిప్పి, ఆలోచించకుండా పైకి చదివేశాడు. "మొద్దు, ఒకటి, రెండు, మూడు. ఇది మీదేనా?"

డాక్టరమ్మ నోటికి మాస్కు ఉంది. కళ్లు నవ్వడం కనిపించింది. కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు పేషెంట్లు తలెత్తి చూశారు.

"నాదే."

"ఎవరు పెట్టారే ఇలాంటిది?" అంది డాక్టరమ్మ.

"నేనే" అన్నాను.

పెట్టింది ఆయన. ఇంట్లో కూర్చుని ఆ మెయిల్ తెరిచిన రోజున నా భుజం మీంచి వంగి, "ఇదైతే నువ్వు మర్చిపోవు" అని తనే కొట్టారు. మా అత్తగారు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నలుగురిలో ఆ మాట చెప్పడంకన్నా, నన్ను నేనే మొద్దు అనుకునేదాన్ని అని ఒప్పుకోవడం తేలికనిపించింది. నా సిగ్గుతో ఆయన పరువు కప్పాను. అయినా పూర్తిగా అబద్ధమేం కాదు. పదకొండేళ్లు, రోజుకి ఏ పదిసార్లో, ఈ వేళ్లతోనే ఆ మాట కొట్టి లోపలికి వెళ్లాను. ఇంట్లో తిట్టేవాళ్లు లేని చోట నేనే ఆ పని చూసుకున్నానన్నమాట.

"ఇదే అన్నిచోట్లా పెట్టారా?"

తలూపాను. మెయిల్, ఫొటోలు, సినిమాలు చూసే ఖాతా, అన్నిటికీ అదే. సినిమాల ఖాతా మా ఆడపడుచు వాడుకుంటుంది. ఉచితంగా కొత్త సినిమాలు చూపిస్తామన్న చోటల్లా అదే మెయిల్, అదే పాస్‌వర్డ్ కొట్టిందని తర్వాత తెలిసింది.

"ఒక్క తాళంచెవితో ఇల్లంతా తెరిచిపెట్టారక్కా" అన్నాడతను. "ఒక్కోదానికి ఒక్కోటి పెట్టుకోండి. పొడుగ్గా, సంబంధం లేని నాలుగు మాటలు. పుట్టినరోజులు, పిల్లల పేర్లు వద్దు. మీకు తెలిసినవాళ్లెవరూ ఊహించలేనివి పెట్టండి. గుర్తుండకపోతే కాగితం మీద రాసి దాచుకోండి, పర్లేదు. ఎవరికీ చెప్పొద్దు. ఇంట్లోవాళ్లకి కూడా."

ఇంట్లోవాళ్లకి కూడా. పోయిన నెల మా పదిహేనేళ్ల పిల్ల ఫోన్‌కి తాళం పెట్టుకుంటే, "ఆడపిల్లకి దాపరికాలేంటే?" అని లాక్కుని బీరువాలో పెట్టాను. ఆ మాట నాది కాదు. మా అక్కకి నేను రాసిన మెయిల్ ఆయన భోజనాల దగ్గర గొంతు మార్చి చదివి వినిపించిన రోజున, నన్ను అన్నదే. విన్నమాట విన్నట్టే తీసుకెళ్లి పిల్లకి అంటగట్టాను.

"సాయంత్రంలోగా మార్చుకో" అంది డాక్టరమ్మ. "లేదంటే కౌంటర్ ఇంకొకళ్లకిచ్చి నిన్ను వెనక గదికి పంపాల్సొస్తుంది."

మార్చబోతే కంప్యూటర్ ఆరంకెలు అడిగింది. ఆ అంకెలు వచ్చేది ఆయన ఫోన్‌కి. నా తలుపుకి గడియ ఆయన జేబులో ఉంది. ఫోన్ చేశాను.

"వచ్చాయిలే అంకెలు. ముందు కొత్తది ఏం పెడుతున్నావో చెప్పు, అప్పుడిస్తా."

కంప్యూటర్ అతను తెర వైపే చూస్తూ విననట్టు కూర్చున్నాడు.

"మొద్దు, నాలుగు, ఐదు, ఆరు" అన్నాను.

ఎంత హాయిగా నవ్వారో. "బాగుపడ్డట్టే!" అని అంకెలు చెప్పారు. నేనేదైనా తెలివైన మాట చెప్పుంటే అనుమానించేవారేమో. ఆ మాట చెప్పినందుకు ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మొదట ఆయన నంబరు తీసేసి నాది పెట్టాను. తర్వాత నాలుగు మాటలు. తెలిసినవాళ్లు ఊహించలేనివి ఎక్కడ వెతకాలా అనుకున్నాను. వెతకాల్సిన పని లేకపోయింది. నాకిష్టమైన రంగు, బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల ముద్దుపేరు, నేర్చుకోబోయి వదిలేసిన పని, నేను భయపడే జంతువు. ఆ ఇంట్లో వీటిలో ఒక్కటీ ఎవరికీ తెలియదు. మిగతా ఖాతాలకి ఇంకో నాలుగు, ఇంకో నాలుగు. నా గురించి ఎవరూ అడగనివి చాలానే ఉన్నాయి.

ఇంటికెళ్లగానే బీరువా తీసి పిల్ల ఫోన్ దానికిచ్చాను. తాళం సంగతి అడగలేదు. అది నా మొహంలోకి చూసి తీసుకుంది.

భోజనాలయ్యాక, రోజూలాగే ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని నా మెయిల్ తెరవబోయారు. మొద్దు, నాలుగు, ఐదు, ఆరు. తప్పు అంది. మళ్లీ కొట్టారు. తప్పు. తన పేరు కొట్టారు. పెళ్లిరోజు కొట్టారు. "నా పేరేమైనా పెట్టిందేమో చూడరా" అన్నారు మా అత్తగారు. అదీ అయింది. ఇక కాసేపాగమంది కంప్యూటర్.

"ఏం పెట్టావే?"

గిన్నె తుడుస్తూ నిలబడ్డాను. చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నేననుకున్నంత కష్టమేం కాదు. సిగ్గుచేటు సంగతి ఇంకొకటి ఉంది. ఆయన ఒక్కొక్క అక్షరం వెతికి కొడుతున్నంతసేపూ, ఈసారైనా నాకిష్టమైన రంగు తగులుతుందేమోనని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను.